పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్‌తో ఎనిమిదేళ్ళు: లోపం ఎక్కడుందో పట్టుకున్న తీరు

నా దగ్గరున్న బ్యాటరీ ఛార్జర్‌కు ఎనిమిదేళ్ళు నిండాయి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీల కోసం తయారైన, 10 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ రకం అది. రేకు డబ్బా, ముందువైపు కరెంటు ఎంత పోతోందో చూపే ముల్లు ఉన్న అమ్మీటర్, ఎక్కువ తక్కువ అనే రెండు స్థానాల స్విచ్, ఒక ఎర్ర దీపం, వెనక గాజు ఫ్యూజు, రెండు క్లిప్పులు; అంతకు మించి దానిలో ఏమీ లేదు. ఛార్జింగ్ ఎలా చేస్తుందో కొన్న నెలలోనే ఎవరైనా చెప్పగలరు. చెడినప్పుడు ఎక్కడ చెడిందో తెలుసుకోవడం ఎంత తేలిక అన్నది మాత్రం ఏళ్ళు గడిస్తేగాని తెలియదు కాబట్టి, ఈ సమీక్షలో ఆ సంగతే ఎక్కువగా రాస్తున్నాను.

ముందుగా అమ్మీటర్ గురించి చెప్పాలి. ఎర్ర దీపం ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు, అంటే గోడ కరెంటు చేరే చుట్టు వైపు, ఉంటుంది, కనుక అది వెలిగిందంటే గోడలోని కరెంటు డబ్బాలోకి వచ్చిందని మాత్రమే అర్థం. బ్యాటరీలోకి వెళ్ళిందో లేదో దానికి తెలియదు. ముల్లు అవుట్‌పుట్ వైరుతో సిరీస్‌లో ఉంటుంది, అంటే బ్యాటరీకి పోయే కరెంటు దాని గుండానే పోవాలి. సగం దిగిన బ్యాటరీకి క్లిప్పులు పెట్టగానే నా ఛార్జర్‌లో అది 8 దగ్గర నిలిచి, గంటలు గడిచేకొద్దీ నెమ్మదిగా దిగుతూ, చివరకు 2 దగ్గరికి వస్తుంది. ఆ దిగడమే ఆరోగ్యం. ఎంతసేపైనా దిగకుండా పైనే ఉంటే బ్యాటరీలో ఒక సెల్ షార్ట్ అయి ఉండవచ్చు, మొదటి నుంచీ సున్నా మీదే కూర్చుంటే దారిలో ఎక్కడో తెగి ఉండవచ్చు. ఇన్నేళ్ళలో ఈ ముల్లే నాకు సగం పని తగ్గించింది.

మొదటి లోపం మూడో ఏట వచ్చింది. బాగా దిగిపోయిన బ్యాటరీకి కూడా ముల్లు 4 దాటడం మానేసింది. బ్యాటరీ పాతబడిందని అనుకున్నాను గాని, నెగటివ్ క్లిప్పును ముట్టుకుంటే చేయి పెట్టలేనంత వేడిగా ఉంది. ఛార్జింగ్ జరుగుతుండగానే మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొనను డబ్బా నుంచి నెగటివ్ వైరు బయలుదేరే బిందువు దగ్గర, రెండోదాన్ని నేరుగా బ్యాటరీ సీసపు టెర్మినల్ మీద ఆనించాను. ఒకే వైరుకు రెండు చివర్లు కనుక దాదాపు సున్నా రావాలి. 2 వోల్టులు చూపింది. 4 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు పోతున్నాయంటే 8 వాట్లు ఆ చిన్న క్లిప్పులోనే వేడిగా మారుతున్నట్టు. విప్పి చూస్తే, వైరు చుట్టి నొక్కిన చోట రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. ఇంకొక సంగతి కూడా అప్పుడే గమనించాను: ఇలాంటి చవక క్లిప్పుల్లో వైరును ఒక దవడకే బిగిస్తారు, రెండో దవడకు కరెంటు మధ్యలోని పిన్ను, స్ప్రింగు గుండా పోవలసిందే. చిలుము పట్టిన మేర వైరును కత్తిరించి, కొత్త క్లిప్పు వేసి, రెండు దవడలనూ చిన్న రాగి తీగతో కలిపాను. ఆ రోజు నుంచి ఛార్జర్ మీద అనుమానం వచ్చిన ప్రతిసారీ మొదట చేసేది ఈ కొలతే.

అసలు పరీక్ష ఆరో ఏట ఎదురైంది. ముల్లు మళ్ళీ సగానికి పడిపోయింది, అయితే ఈసారి క్లిప్పులు చల్లగా ఉన్నాయి. మామూలుగా ఉండే ఝుమ్మనే మోత బరువెక్కి గరగరలాడింది, ఇచ్చే కరెంటు తగ్గినా డబ్బా మాత్రం మునుపటి కంటే ఎక్కువ వేడెక్కింది. మోత విన్న ఒక మరమ్మతుదారు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు షార్ట్ అయ్యాయని, పారేయడం మేలని తేల్చేశాడు. ఆయన మాట పూర్తిగా తోసివేయదగ్గదేమీ కాదు, ఎందుకంటే చుట్లు షార్ట్ అయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. లోపం చుట్లలోనే ఉందా, వాటి తరువాతి భాగంలో ఉందా అని తేల్చే పరీక్ష మాత్రం తేలికైనది. ప్లగ్ తీసి, సెకండరీ (తక్కువ వోల్టులు ఇచ్చే చుట్టు) వైర్లను రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) నుంచి విడదీసి, చివరలకు టేపు చుట్టి, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒంటరిగా అరగంట నడిపాను. చుట్లలో షార్ట్ ఉంటే లోడు లేకున్నా కాలిపోతూ ఉండాలి. అది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది, సెకండరీలో 15.5 వోల్టుల ఏసీ సరిగ్గా వస్తోంది.

మిగిలింది రెక్టిఫయర్. ప్లగ్ తీసే ఉంచి, మీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి దానిలోని, కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే నాలుగు డయోడ్లనూ రెండు దిక్కులా చూశాను. మూడు ఒక దిక్కున 0.5 వోల్టు చూపి రెండో దిక్కున ఏమీ చూపలేదు. నాలుగోది ఏ దిక్కునా పలకలేదు. సెకండరీని విడదీయకుండా కొలిచి ఉంటే ఆ చుట్టు గుండా పక్క డయోడ్ పలికి, చచ్చిన డయోడ్ కూడా బతికి ఉన్నట్టు కనిపించేది. ఒక డయోడ్ తెగిపోతే ఏసీలోని ఒక సగమే బ్యాటరీకి చేరుతుంది, అందుకే కరెంటు సగమైంది. పైగా సెకండరీలో కరెంటు ఒకే దిక్కుకు ప్రవహించడంతో ఇనుప కోర్ ఒక వైపుకే అయస్కాంతీకరణ చెంది సంతృప్త స్థితికి, అంటే అయస్కాంతీకరణ ఇక పెరగలేని స్థితికి, చేరువవుతుంది. ఆ మోతకు, వేడికి అదే మూలం. నాలుగు డయోడ్లూ ఒకే ముక్కలో ఉండే 35 ఆంపియర్ల బ్రిడ్జ్ మాడ్యూల్ ఒకటి తెచ్చి, అడుగున హీట్ పేస్ట్ రాసి, డబ్బా రేకుకు బిగించాను. మొదటిసారి నేరుగా ప్లగ్‌లో పెట్టకుండా 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో వేసి చూశాను. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు పూర్తి వెలుగుతో వెలుగుతుంది గాని ఛార్జర్ కాలదు.

బ్యాటరీ లేకుండా ఈ ఛార్జర్ అవుట్‌పుట్ కొలిస్తే 12 వోల్టుల కంటే కాస్త ఎక్కువ చూపుతుంది, బ్యాటరీని నింపడానికి అది చాలదనుకుని చాలామంది కంగారుపడతారు. లోపల కెపాసిటర్ లేదు కనుక వచ్చేది అలలుగా లేచి పడే డీసీ. మీటర్ చూపేది దాని సగటు, అల కొన 20 వోల్టులు దాటుతుంది. డయోడ్ పోయిన రోజుల్లో ఇదే కొలత 6 దగ్గర ఉంది.

ఫ్యూజు ఒకసారి పోయింది. గాజులోంచి చూస్తే తీగ బాగానే ఉంది, మూత దగ్గర తెగింది. కనుక కంటిని నమ్మకుండా మీటర్‌తో కంటిన్యూటీ (దారి తెగకుండా ఉందా అన్నది) చూడడమే మంచిది.

ఛార్జర్‌ది ఏ తప్పూ లేని సందర్భమూ ఒకటుంది. ముల్లు చివరిదాకా లేచి, టక్కుమని శబ్దం వచ్చి సున్నాకు పడి, కాసేపటికి మళ్ళీ లేస్తోంది. వేడి మించితే కరెంటు ఆపి, చల్లారాక మళ్ళీ కలిపే లోపలి థర్మల్ కటౌట్ చేసే పని అది. బ్యాటరీని ఛార్జ్ నుంచి తీసి కొన్ని గంటలు ఉంచి కొలిస్తే 10.5 వోల్టులే ఉంది; ఆరు సెల్స్‌లో ఒకటి షార్ట్ అయితే రెండు వోల్టులు తగ్గడం సహజం. బాగున్న బ్యాటరీ నిండాక విశ్రాంతిలో 12.6 దగ్గర ఉండాలి.

దీనిలో నాకు నచ్చనిదీ ఉంది. బ్యాటరీ నిండిందని గ్రహించి ఇది తనంతట తాను ఆగదు. మరచిపోతే వోల్టేజి 15 దాటి, నీరు తగ్గి, హైడ్రోజన్ వెలువడుతుంది. అందుకే టైమర్ ప్లగ్ వాడుతున్నాను, స్విచ్ ఆపాకే క్లిప్పులు తీస్తున్నాను. నీరు పోయడానికి వీలులేని సీల్డ్ బ్యాటరీలకు దీన్ని వాడడం మానేశాను. వాటి కోసం కొన్న ఆటోమేటిక్ ఛార్జర్ 14.4 వోల్టుల వరకు తీసుకెళ్ళి తరువాత 13.6కు దించుకుంటుంది, ఆ విషయంలో దానికి వంక పెట్టలేను. కాని బ్యాటరీ గుర్తించనిదే అది అవుట్‌పుట్ ఇవ్వదు, కాబట్టి ఉత్త క్లిప్పుల మధ్య సున్నా వస్తే చెడిందని అనుకోకూడదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని అది అసలు గుర్తించనే గుర్తించదు. దాని డబ్బా విప్పడం అందరికీ మంచిది కాదు: 230 వోల్టుల సరఫరాను నేరుగా డీసీ చేసే కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు నిలిచే ఉంటాయి.

మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చి, గంటకోసారి వెళ్ళి ముల్లును చూసే ఓపిక ఉన్నవారికి పాత ఛార్జర్‌నే సూచిస్తాను. తగిలించి నిద్రపోయేవారికి ఆటోమేటిక్ రకమే మేలు. ఈ మధ్య నా ఛార్జర్ స్విచ్‌ను ఎక్కువ స్థానంలోకి నొక్కినప్పుడు ముల్లు ఒకసారి వణికి గాని నిలవడం లేదు. వేలితో కాస్త గట్టిగా అదిమితే నిలుస్తోంది, కనుక స్విచ్ లోపలి పాయింట్లు అరిగి ఉంటాయి; వచ్చే ఆదివారం విప్పబోయేది దాన్నే.