తొమ్మిది నెలలు తప్పుల నోట్‌బుక్ రాశాక: శాట్ రీడింగ్‌కి పనికొచ్చిందా?

రెండు వందల పేజీల మామూలు నోట్‌బుక్, అంతే. యాప్ కాదు, కోర్సూ కాదు. అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్షలో ఇంగ్లిష్ భాగం ఉంటుంది, రీడింగ్ అండ్ రైటింగ్ అని. దాని ప్రాక్టీసులో తప్పు చేసిన ప్రతి ప్రశ్ననీ తొమ్మిది నెలల పాటు అందులో రాశాను. మొదటి ప్రాక్టీస్ టెస్టులో 800కి 560 వచ్చింది, అసలు పరీక్షలో 680. అంతా నోట్‌బుక్ మహిమే అనను గానీ సగానికి పైగా దానిదే.

అంతకుముందు అందరూ చెప్పేదే చేశాను. ఇంగ్లిష్ బాగా చదువు, స్కోరు అదే వస్తుంది అన్నారు, సరే అని మూడు నెలలు రోజూ వ్యాసాలు చదివి, పదాల జాబితా ఒకటి బట్టీ పట్టి, మళ్లీ టెస్టు రాస్తే పది మార్కులు కూడా పెరగలేదు. డిజిటల్ శాట్‌లో పాసేజ్ 25 నుంచి 150 పదాలే, ఒక్కోదానికి ఒకటే ప్రశ్న. 32 నిమిషాల మాడ్యూళ్లు, అంటే భాగాలు, రెండు, ఒక్కోదాంట్లో 27 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి దాదాపు 71 సెకన్లు. నాకు పాసేజ్ అర్థమయ్యేది. చివరికి రెండు ఆప్షన్లు మిగిలేవి, వాటిలో తప్పుదాన్నే నొక్కేవాణ్ని. ఎంత చదివినా ఆ జబ్బు పోదు కదా.

నోట్‌బుక్ కూడా మొదటి నెల దండగే అయింది, తప్పు నాదే. ప్రతి ప్రశ్న పక్కనా "తొందరపడ్డాను", "సరిగ్గా చదవలేదు" అని రాసుకునేవాణ్ని, దానివల్ల ఎవరికేం తెలుస్తుంది? తర్వాత రెండే రెండు సంగతులు రాయడం మొదలుపెట్టాను: తప్పు ఆప్షన్ నాకెందుకు నచ్చింది, సరైనదానికి పాసేజ్‌లో ఏ మాట ఆధారం. ఉదాహరణకి, కొన్ని పక్షులు రాత్రిపూట వెలుతురు వల్ల దారి తప్పుతూ ఉండొచ్చని పాసేజ్ అంటుంది. నగరాల్లో దీపాల వల్లే పక్షులు తగ్గిపోతున్నాయని ఆప్షన్ అంటుంది. వినడానికి నిజంలాగే ఉంటుంది, బయట ఎక్కడో చదివినట్టు కూడా ఉంటుంది. కానీ తగ్గిపోవడం గురించి పాసేజ్‌లో ఒక్క మాట లేదు, "కొన్ని", "ఉండొచ్చు" అన్నవి మాయమైపోయాయి. వంద తప్పులు దాటాక తిరగేసి చూస్తే సగం దాకా ఈ బాపతువే! అప్పటినుంచి చేయి దానంతటదే ఆగడం మొదలైంది.

పదాల విషయంలో కూడా నోట్‌బుక్ కళ్లు తెరిపించింది. నన్ను ముంచినవి తెలియని పదాలు కావు, తెలుసనుకున్నవే. క్వాలిఫై అంటే అర్హత సాధించడం అని చిన్నప్పటినుంచీ తెలుసు, కానీ ఒక వాదనను క్వాలిఫై చేయడం అంటే దాన్ని కాస్త పరిమితం చేసి చెప్పడం. ఇప్పుడు ఖాళీ ఉన్న ప్రశ్న వస్తే ఆప్షన్లు చూడకముందే అక్కడ ఏ మాట పడుతుందో నా సొంతంగా అనుకుంటాను, ఆ తర్వాతే కిందకి చూస్తాను.

ఇంకోటి, శాట్‌లో నెగటివ్ మార్కులు లేవు కాబట్టి తెలియనివాటికి కూడా ఏదో ఒకటి పెడతాం, కొన్ని తగులుతాయి. అలా తగిలినవాటిని కూడా నోట్‌బుక్‌లోకి ఎక్కించాలి. నేను ఐదో నెలదాకా ఎక్కించలేదు, ఇప్పటికీ బాధే.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. బాగా నెమ్మది పని, గంట ప్రాక్టీసుకి గంటన్నర రాత. రోజుకి రెండు పేజీలు నింపితే చదివేశాను అన్న భ్రమ కూడా కలుగుతుంది. వేగం దీనివల్ల పెరగదు, దానికి టైమర్ పెట్టుకుని కూర్చోవాల్సిందే. శాట్ రాసే బ్లూబుక్ యాప్‌లో ఉండే పూర్తి ప్రాక్టీస్ టెస్టుల్ని దీనికోసం వాడేయకండి, రాసిన టెస్టే మళ్లీ రాస్తే జవాబులు గుర్తుండి స్కోరు ఊరికే పెరిగినట్టు కనిపిస్తుంది. పైగా మొదటి మాడ్యూల్‌లో ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండోదాని కష్టం మారుతుంది, ఆ అనుభవం కోసం వాటిని దాచుకోవాలి. రోజువారీకి శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డ్ వాళ్ల ఉచిత క్వశ్చన్ బ్యాంక్ చాలు, ప్రశ్న రకాన్ని బట్టి వడగట్టుకోవచ్చు.

పాసేజే అర్థం కాకపోతే మాత్రం ఇది వద్దు, ముందు చదవడమే పెంచుకోండి.

ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఆ ఒకటీ పాత కవితలకి. వాటికోసం విడిగా పద్దెనిమిది పేజీలు నింపాను, అయినా పరీక్షలో కవిత కనిపిస్తే ఇప్పటికీ టెన్షనే.