సోనీ ఏ7 త్రీతో రాత్రి ఫోటోలు: ఐఎస్ఓ పెంచడానికి జంకొద్దు

ఈ కెమెరా చాన్నాళ్లుగా వాడుతున్నా, అది కూడా ఎక్కువగా చీకటి పడ్డాకే, కాబట్టి ఐఎస్ఓ (ఫోటో ఎంత వెలుగ్గా రావాలో పెంచే, తగ్గించే నంబర్) ఒక్కదాని గురించే రాస్తా, మిగతా ఫీచర్ల మీద 2018లో ఇది వచ్చినప్పటి నుంచి అందరూ రాస్తూనే ఉన్నారు.

ఐఎస్ఓ 6400 చూసి భయపడక్కర్లేదండీ. లైట్ తక్కువున్న గదిలో మనిషి మాట్లాడుతుంటే 1600 దగ్గర 1/60 సెకను షట్టర్‌తో తీస్తే నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకు చుక్కలు, గ్రెయిన్ అన్నా ఇదే) తక్కువే గానీ కనురెప్పలు అలికేసినట్టు వస్తాయి, అదే 6400కి పెంచి 1/250తో తీస్తే గ్రెయిన్ కనిపిస్తుంది కానీ ఒక్కో వెంట్రుకా విడివిడిగా తెలుస్తుంది. గ్రెయిన్‌ని డీనాయిస్ సాఫ్ట్‌వేర్‌తో తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ఫోటోని మాత్రం ఏం చేసినా పూర్తిగా బాగుచేయలేం. అసలు నాయిస్‌కి పెద్ద కారణం ఐఎస్ఓ నంబర్ కాదు, సెన్సార్ మీద పడే వెలుతురు తక్కువవడం. అందుకే ముందు లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత తెరవండి, ఎఫ్/4 బదులు ఎఫ్/1.8 (నంబర్ తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది) ఉంటే రెండు స్టాప్‌ల పైనే కలిసొస్తుంది, ఒక్క స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు.

నాకు బాగా ఉపయోగపడింది మాత్రం 640 సంగతి. ఈ సెన్సార్‌లో 640 దగ్గర రెండో గెయిన్ (సెన్సార్ సిగ్నల్‌ని పెంచే రెండో దశ) మొదలవుతుంది, దాంతో నీడల్లో 500 కంటే 640లోనే నాయిస్ తక్కువ! వినడానికి వింతగా ఉంటుంది గానీ రా ఫైల్‌లో (సెన్సార్ పట్టింది పట్టినట్టు ఉండే ఫైల్) షాడోస్ లాగి, అంటే నీడల్ని సాఫ్ట్‌వేర్‌లో వెలిగించి చూడండి, మీకే తెలుస్తుంది. రాత్రి వీధిలో వెలిగే బోర్డులుంటే 3200 పెట్టను, అదే షట్టర్, అదే ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర) ఉంచి 640లో తీస్తా, ఫోటో నల్లగా వస్తుంది, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో వెలుగుని రెండు స్టాప్‌ల పైన ఎత్తుతా. నాయిస్ దాదాపు 3200లో తీసినంతే ఉంటుంది, కానీ బోర్డు మీది అక్షరాలు తెల్లగా పేలిపోకుండా రంగుతో సహా మిగులుతాయి. ఇదంతా రాలో తీస్తేనే, జేపెగ్‌లో అంత ఎత్తితే నీడలు మచ్చలు మచ్చలుగా తయారవుతాయి.

మనుషుల్ని తీసేటప్పుడు ఇవన్నీ ఆలోచించే టైం ఉండదు కదా, అప్పుడు ఆటో ఐఎస్ఓనే. మ్యాక్సిమం 12800, మినిమం షట్టర్ 1/125, పిల్లలైతే 1/250, ఇలా పెట్టి వదిలేస్తే మిగతాది కెమెరా చూసుకుంటుంది, నా దృష్టిలో ఈ కెమెరాలో అన్నిటికన్నా పనికొచ్చే సెట్టింగ్ ఇదే.

12800 దాటాక రంగులు పలచబడతాయి, చర్మం రంగు ముందు పోతుంది, అక్కడ బ్లాక్ అండ్ వైట్ చేసేయడమే మేలు. 51200 వరకు మామూలు రేంజే అయినా నేను అక్కడిదాకా వెళ్లను.

నక్షత్రాలకైతే ట్రైపాడ్, వైడ్ లెన్స్, ఎఫ్/1.8, 15 సెకన్లు, 3200తో మొదలుపెట్టి ఆకాశాన్ని బట్టి మార్చుకోండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే ఫోటో తీసినంతసేపూ మళ్లీ ఆగాలి, వరసగా చాలా తీయాలనుకుంటే ఆఫ్ చేసేయండి.