కౌలాలంపూర్‌లో ఒక పూట మజిలీ: ముందు రైలా, హోటల్ గదా?

ఆస్ట్రేలియాకో, బాలి దీవికో వెళ్లే దారిలో కౌలాలంపూర్‌లో విమానం మారే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులు వీసా లేకుండా 30 రోజుల వరకు మలేషియాలో ఉండే వీలు కల్పించి, ఆ సౌకర్యాన్ని 2026 చివరి దాకా పొడిగించడంతో, రెండు విమానాల మధ్య పది పన్నెండు గంటలో, ఒక రాత్రో ఖాళీ దొరికినవాళ్లు టెర్మినల్ కుర్చీల్లో కునికిపాట్లు పడకుండా ఊళ్లోకి వెళ్లి రావాలనుకోవడం సహజమే. అలా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ముందు హోటల్ వెతుక్కుని, గది ఖాయమయ్యాక విమానాశ్రయం నుంచి అక్కడికి ఎలా చేరాలో ఆలోచిస్తారు. ఈ ఊరికి మాత్రం ఆ వరుస పనికిరాదు. ముందుగా తిరుగు ప్రయాణం ఏ వేళకు, ఏ వాహనంలో అన్నది తేల్చుకుని, దానికి వీలైన చోట గది తీసుకోవాలని ఇక్కడి ఏర్పాట్లన్నీ వాడి చూశాక నాకు గట్టిగా అనిపించింది.

కారణం దూరం. 1998లో మొదలైన ఈ కౌలాలంపూర్ అంతర్జాతీయ విమానాశ్రయం (పొట్టిగా కేఎల్ఐఏ) నగరంలో లేదు. ఒకప్పుడు ఫార్ములా వన్ పందేలు జరిగిన సెపాంగ్‌లో, నగరం నడిబొడ్డు నుంచి 50 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. టికెట్ మీద ‘కౌలాలంపూర్’ అని చూసి, ఆటోలో వెళ్లి వచ్చినట్టు వెళ్లి రావచ్చనుకుంటే ఆ కొద్ది గంటల్లో సగం రోడ్డు మీదే గడిచిపోతుంది.

ఈ దూరానికి అన్నిటికంటే నమ్మకమైన జవాబు కేఎల్ఐఏ ఎక్స్‌ప్రెస్ రైలు. ఒకటో టెర్మినల్ నుంచి నగరంలోని కేఎల్ సెంట్రల్ స్టేషన్‌కు 57 కిలోమీటర్ల దూరాన్ని ఇది 28 నిమిషాల్లో చేరుతుంది. రెండో టెర్మినల్‌లో ఎక్కినవారికి 33 నిమిషాలు పడుతుంది. టెర్మినళ్లు దాటాక మధ్యలో ఎక్కడా ఆగదు. పెట్టెలు పెట్టుకునే అరలు తలుపుల దగ్గరే ఉండటం వల్ల పెద్ద సూట్‌కేసును సీట్ల మధ్య ఈడ్చుకుపోవలసిన అవసరం రాదు. ఒకవైపు టికెట్ 55 రింగిట్లు (రింగిట్ మలేషియా కరెన్సీ). బ్యాంకు కార్డును నేరుగా గేటుకు తాకించి లోపలికి వెళ్లవచ్చు కాబట్టి, దిగగానే రింగిట్లు మార్చుకోవడానికి కౌంటర్ల దగ్గర నిలబడే పని కూడా తప్పుతుంది. నేను వాడిన ప్రతిసారీ రైలు చెప్పిన వేళకే వచ్చింది, చెప్పిన నిమిషానికే చేర్చింది. ఇది చిన్న గుణంలా కనిపించవచ్చుగాని, ఆరేడు గంటలే చేతిలో ఉన్న మనిషికి ఇంతకు మించిన గుణం మరొకటి ఉండదు.

అయితే ఈ రైలు అందరికీ గిట్టుబాటు కాదు. గ్రాబ్ యాప్‌లో పిలిచిన కారు నగరం దాకా సాధారణంగా 65 నుంచి 100 రింగిట్ల మధ్య అడుగుతుంది, దానికి టోల్ అదనం. ఒక్కరు వెళ్తే రైలే చవక. ఇద్దరైతే రైలుకు 110 రింగిట్లు అవుతాయి కాబట్టి కారు కాస్త ముందుకు వస్తుంది. ముగ్గురు పెద్దవాళ్లున్న కుటుంబానికి రైలు ఛార్జీ 165కు చేరుతుంది, పైగా కారు నేరుగా హోటల్ గుమ్మం ముందే దింపుతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లు రెండు వైపులా కారే అనుకుంటారు గాని, వెళ్లేటప్పటి ఆలస్యం వేరు, తిరిగి వచ్చేటప్పటి ఆలస్యం వేరు. ఊళ్లోకి గంట ఆలస్యంగా చేరితే పోయేది ఒక షికారు మాత్రమే, విమానాశ్రయానికి గంట ఆలస్యంగా చేరితే విమానమే పోతుంది. సాయంకాలం ఆఫీసులు వదిలే వేళలో, అందులోనూ వాన పడితే, కౌలాలంపూర్ రోడ్ల మీద గంటలో తేలవలసిన ప్రయాణం గంటన్నర దాటడం మామూలే, అదే సమయంలో గ్రాబ్ ధర కూడా పైకి పోతుంది. కనుక నలుగురున్నా సరే, రాత్రి విమానం పట్టుకోవడానికి సాయంత్రం బయలుదేరేవాళ్లు రైలుకే డబ్బు పెట్టాలని చెబుతాను. తెల్లవారుజామున బయలుదేరేవాళ్లకు ఇది పూర్తిగా తిరగబడుతుంది. అప్పుడు రోడ్లు ఖాళీగా ఉంటాయి, రైళ్లేమో అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి ఆగిపోయి మళ్లీ ఐదు గంటల ప్రాంతంలో గాని మొదలుకావు. ఉదయం ఆరున్నర విమానానికి మొదటి రైలును నమ్ముకోవడం సాహసమే అవుతుంది. రానుపోను టికెట్ 100 రింగిట్లకు వస్తుందని ముందే కొనేసేవాళ్లు తమ రెండు ప్రయాణాలూ రైలు నడిచే వేళల్లోనే ఉన్నాయా అని ఒకసారి చూసుకోవాలి.

టాక్సీ వరుసలో నిలబడేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మీటరు టాక్సీలకు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా 50 శాతం అదనపు ఛార్జీ పడుతుంది. బస్సు సుమారు 15 రింగిట్లకే కేఎల్ సెంట్రల్ చేరుస్తుంది, గంట పైన పడుతుంది. చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లకు అది బాగానే ఉంటుంది, మజిలీ ప్రయాణికులకు నేను సిఫారసు చేయను.

ఇక హోటల్ సంగతికి వస్తే, ఫొటోలు చూసి గది ఎంచుకునేవాళ్లందరినీ బుకిట్ బింతాంగ్ పేట లాగేస్తుంది. దుకాణాలు, దీపాలు, అర్ధరాత్రి దాకా జనం, అన్నీ అక్కడే. మూడు రోజులు ఉండేవాళ్లకు నేనూ ఆ పేటే చెబుతాను. ఒక్క రాత్రి ఉండేవాళ్లకు మాత్రం కేఎల్ సెంట్రల్ చుట్టుపక్కల గదే మేలు. ఎక్స్‌ప్రెస్ రైలు ఆగేది అక్కడే, నగరంలోని పలు రైలు దారులు కలిసేది కూడా అక్కడే. పెట్రోనాస్ జంట గోపురాలు చూడాలంటే ఎల్ఆర్‌టీ అనే నగర రైలు ఎక్కి ఐదో స్టేషన్‌లో దిగితే చాలు. బుకిట్ బింతాంగ్ వెళ్లాలంటే స్టేషన్ నుంచి నడక దారిలో ముజియం నెగారా మెట్రోకు చేరితే మూడో స్టాపు. మోనోరైలు కూడా అటే వెళ్తుందిగాని, దాన్ని అందుకోవడానికి నూ సెంట్రల్ మాల్ గుండా నడవాలి, రైలు పెట్టెలు ఇరుకు, సాయంత్రం అందులోకి సూట్‌కేసుతో ఎక్కాలనుకోవడం తోటివారికి కూడా ఇబ్బందే. సామాను గదిలో పడేసి, జేబులో ఫోను మాత్రమే పెట్టుకుని తిరగగలగడమే ఈ పేటలో దిగడం వల్ల వచ్చే అసలు లాభం.

ఎల్ఆర్‌టీ టికెట్ యంత్రం కాగితం టికెట్‌కు బదులు నాణెంలాంటి నీలం రంగు ప్లాస్టిక్ బిళ్ల ఇస్తుంది. దాన్ని లోపలికి వెళ్లేటప్పుడు గేటు మీద తాకించి, బయటికి వచ్చేటప్పుడు గేటు చీలికలో వేసేయాలి. మొదటిసారి వెళ్లినవాళ్లు లోపలికి వెళ్లేటప్పుడే దాన్ని ఎక్కడ వేయాలా అని వెతుకుతూ వెనకాల వరుసంతా ఆపేస్తుంటారు. జేబులో చిల్లరతో కలిపి పడేస్తే దిగేచోట దాన్ని వెతుక్కోవడం మరో తంటా.

కేఎల్ సెంట్రల్ వద్ద హోటళ్లలో రెండు తెగలున్నాయి. హిల్టన్, లె మెరిడియన్, అలాఫ్ట్ వంటివి స్టేషన్‌కు ఆనుకుని ఉంటాయి కాబట్టి రైలు దిగినవాళ్లు నాలుగడుగులు వేస్తే గదిలో ఉంటారు, వాటి ధర కూడా ఆ సౌకర్యానికి తగ్గట్టే ఉంటుంది. రోడ్డు దాటితే బ్రిక్‌ఫీల్డ్స్, అంటే అక్కడి లిటిల్ ఇండియా. పూలదండల దుకాణాలు, అరిటాకు భోజనాలు, వాటి మధ్య చిన్న చిన్న హోటళ్లు. విదేశంలో ఒక్క పూట గడపడానికి వచ్చి మళ్లీ ఇడ్లీ, సాంబారేనా అని మీరు అనుకోవచ్చు, నేను కూడా అనుకున్నాను, ఆ తర్వాత తృప్తిగా తిన్నాను. ఇక్కడి చవక గదుల్లో చూసుకోవలసిందల్లా కిటికీ. ఈ ఊళ్లో కిటికీ లేని గదులు అమ్మడం మామూలు విషయం. గది వివరాల్లో ఆ మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాలుగు గంటలు నిద్రపోవడానికి అది అడ్డు కాదు, నిజానికి పగటిపూట నిద్రకు అదే మేలు కూడా, కాని పిల్లలతో ఉన్నవాళ్లకు ఊపిరాడనట్టు ఉంటుంది. విదేశీయులు గదికి రాత్రికి పది రింగిట్ల పర్యాటక పన్ను కట్టాలి. 2017 నుంచి ఉన్న పన్ను అది. ఆన్‌లైన్‌లో మొత్తం చెల్లించినా, దీన్ని చాలాచోట్ల రిసెప్షన్‌లో విడిగా అడుగుతారు. మోసమని వాదనకు దిగనక్కరలేదు.

అర్ధరాత్రి దిగి పొద్దున్నే ఎగరవలసినవాళ్లు అసలు ఊళ్లోకే వెళ్లకూడదు. ఒకటో టెర్మినల్ నుంచి వంతెన మీదుగా నడిచి చేరే సామా-సామా హోటల్, రెండో టెర్మినల్ నుంచి కప్పు ఉన్న దారిలో నడిచి వెళ్లే ట్యూన్ హోటల్ వాళ్లకోసమే ఉన్నాయి. మొదటిది విశాలమైనది, ఖరీదైనది. రెండోది మంచం, స్నానాల గది, అంతే. అదీ ఎక్కువనుకునేవాళ్లకు రెండో టెర్మినల్‌కు ఆనుకున్న గేట్‌వే మాల్‌లో క్యాప్సూల్ ట్రాన్సిట్ ఉంది. మూడు, ఆరు, పన్నెండు గంటల లెక్కన అరలాంటి పడక అద్దెకు ఇస్తారు. పక్క అరలోని మనిషి అలారం మీకూ మోగుతుంది, స్నానాల గదులు ఉమ్మడివి, అయినా ఆ డబ్బుకు నడుం వాల్చడానికి అంతకంటే ఏం కావాలి?

‘విమానాశ్రయానికి పది నిమిషాలు’ అని రాసుకునే హోటళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. అవి సెపాంగ్ చుట్టుపక్కల ఊళ్లలో ఉంటాయి, నడిచి వెళ్లడం కుదరదు. అటువంటి ఒక హోటల్‌లో దిగినప్పుడు వాళ్ల ఉచిత వ్యాను గంటకోసారి మాత్రమే వస్తుందని, అదీ ఫోన్ చేసి చెబితేనేనని, అప్పుడే ఒకటి వెళ్లిపోయిందని టెర్మినల్ బయట నిలబడ్డాక తెలిసింది. నిద్రకని కేటాయించుకున్న సమయంలోంచి గంట రోడ్డు పక్కనే ఖర్చయింది. వ్యాను సమయాలు రాతపూర్వకంగా చెప్పని హోటల్‌ను ఎంత తక్కువ ధరకు ఇచ్చినా వదిలేయడం మంచిది.

మన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. హైదరాబాద్ నుంచి ప్రయాణం సుమారు నాలుగు గంటలే, కాని అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి ఇక్కడ బయలుదేరితే అక్కడ దిగేసరికి తెల్లవారుతుంది, హోటళ్లేమో ఎక్కువగా మధ్యాహ్నం మూడింటికి గాని గది ఇవ్వవు. రాత్రంతా నిద్రలేని ముఖంతో ఏడింటికి రిసెప్షన్ ముందు నిలబడితే, సామాను దాచిపెడతారు, నవ్వుతారు, గది మాత్రం ఇవ్వరు. ఉదయం దిగి రాత్రికి ఎగిరేవాళ్లు అందుకే పూర్తి రోజు గదికి డబ్బు పోయకుండా, గంటల లెక్కన ఇచ్చే పడకను విమానాశ్రయంలోనే తీసుకుని మధ్యాహ్నానికి ఊళ్లోకి వెళ్లడం నయం. లేదా ముందు రోజు రాత్రి నుంచే గది బుక్ చేసుకుని, పొద్దున్న వస్తామని హోటల్‌కు మెయిల్ రాసి ఉంచాలి. అలా రాయకపోతే రాత్రి రాలేదన్న కారణంతో గది రద్దు చేసే ప్రమాదం ఉంది.

గది వెతికే ముందే టికెట్ మీద టెర్మినల్ నెంబరు చూసుకోవాలి. ఎయిర్ ఏషియా రెండో టెర్మినల్ నుంచి, మలేషియా ఎయిర్‌లైన్స్ ఒకటో టెర్మినల్ నుంచి నడుస్తాయి. రెండింటి మధ్య అదే రైలులో మూడు నిమిషాలు, రెండు రింగిట్లు, ఉచిత బస్సు కూడా ఉంది. వేర్వేరు టికెట్ల మీద ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారేవాళ్లు ఇమ్మిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. ఒకటో టెర్మినల్‌లో విమానాల గేట్లు ఉన్న విడి భవనానికి (శాటిలైట్) తీసుకెళ్లే ఏరోట్రైన్ అనే చిన్న రైలు 2023 మార్చిలో ఆగిపోయి 2025 జూలై 1న మళ్లీ మొదలైంది కాబట్టి దాని బదులు నడిచిన బస్సుల బెడద తగ్గింది, అయినా ఆ రాకపోకలకు పావుగంట కలుపుకోవడమే మంచిది. ఇమ్మిగ్రేషన్ దాటే ప్రతి ఒక్కరూ రాకకు ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగే సైటు ఏదైనా కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

ఐదారు గంటలే ఉన్నవాళ్లకు కౌలాలంపూర్ అందదు, పుత్రజయ అందుతుంది. ఎక్స్‌ప్రెస్‌కు బదులు అదే పట్టాల మీద మధ్య స్టేషన్లలో ఆగే కేఎల్ఐఏ ట్రాన్సిట్ రైలు ఎక్కితే ఇరవై నిమిషాల ప్రాంతంలో, సుమారు పది రింగిట్లతో, ఆ పాలనా రాజధానిలో దిగుతారు. సామాను టెర్మినల్‌లోనే లాకర్ గదిలో పెట్టి వెళ్లవచ్చు. స్టేషన్ నుంచి గ్రాబ్‌లో కొద్ది నిమిషాలు వెళ్తే చెరువు ఒడ్డున గులాబీ రంగు గ్రానైట్ గుమ్మటంతో పుత్ర మసీదు కనిపిస్తుంది. దుస్తులు పూర్తిగా ఒంటిని కప్పేలా లేకపోతే గుమ్మం దగ్గరే పొడవాటి అంగీ ఇస్తారు. ప్రార్థనల వేళల్లో సందర్శకులను లోపలికి పంపరు కాబట్టి, శుక్రవారం మధ్యాహ్నం అక్కడ ఉండేలా మాత్రం ప్రయాణం పెట్టుకోకండి.