అష్టాచెమ్మా గుడ్డపటం: ఆరేళ్ల రైలు ప్రయాణాల తరువాత

మేముండేది లింగంపల్లిలో, మా పిల్లల అమ్మమ్మగారిల్లు విశాఖపట్నంలో. ఏడాదికి మూడుసార్లయినా జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తాము. గుంటూరు, విజయవాడ, రాజమండ్రి మీదుగా సుమారు 13 గంటలు పగలంతా కూర్చుని చేసే ప్రయాణం కనుక, పిల్లలను పడుకోబెట్టి గడిపేసే వీలుండదు. 2019లో శిల్పారామంలోని ఒక దుకాణంలో 350 రూపాయలకు కొన్న అష్టాచెమ్మా పటం అప్పటి నుంచి ప్రతి ప్రయాణంలోనూ మా వెంట ఉంది. అప్పుడు బాబుకు 6 ఏళ్లు, పాపకు 2. ఆరేళ్లు వాడిన తరువాత దాని మంచిచెడ్డలు రాయడం న్యాయమనిపించింది.

మందపాటి నూలుగుడ్డ మీద అచ్చువేసిన 25 గళ్ల పటం, 4 గవ్వలు, నాలుగు రంగుల్లో 16 లక్క కాయలు, మూతికి తాడున్న చిన్న సంచి, ఇంతే సామాను. కాయలు ఏటికొప్పాకవని అమ్మినాయన చెప్పారు. అంకుడు కర్రతో చేసి లక్క రంగులద్దే ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రైలు ఎలమంచిలి దాటేటప్పుడు, తమ కాయలు పుట్టిన ఊరు ఇక్కడికి దగ్గరేనని పిల్లలు ప్రతిసారీ కిటికీలోంచి చూస్తారు.

నలుగురం ఆడితే ఒక ఆట గంటకు పైనే సాగుతుంది. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఆ రెండింటికీ మళ్లీ పందెం వేయవచ్చు. ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్లలోకి వెళ్లకూడదన్న నియమం వల్ల చివరి వరకూ ఎవరూ ఆట మీద నుంచి దృష్టి మళ్లించలేరు. నాకు అన్నిటికంటే నచ్చినది, ఇది పిల్లలకిచ్చి మనం పక్కకు తిరిగే వస్తువు కాకపోవడం. మేమూ కూర్చోవాలి, మేమూ ఓడిపోవాలి. మా వారి కాయ పండే (గమ్యం చేరే) గడి ముందు దాన్ని చంపినప్పుడు పాప ముఖంలో కనిపించే వెలుగు ఏ ఫోనూ తేలేదని నా నమ్మకం.

ఇక లోపాలు. రైలు కుదిపినప్పుడల్లా గుడ్డ మోకాళ్ల మీద ముడతలు పడి కాయలు దొర్లిపోతాయి. మొదటి ప్రయాణంలో నల్గొండ చేరేలోపే రెండుసార్లు ఆట చెదిరిపోయి, ఎవరి కాయ ఎక్కడుందన్న తగువులోనే అరగంట పోయింది. తరువాత బాబు పరీక్ష అట్ట తీసుకుని, దాని మీద పటాన్ని బిగువుగా పరచి, నాలుగు మూలలా బట్టల క్లిప్పులు పెట్టాను. పటం అట్ట కంటే కొంచెం వెడల్పు కనుక అంచులు వెనక్కి మడవాలి. ఇప్పటికీ అదే ఏర్పాటు. గవ్వలతో ఇంకో చిక్కు: నున్నగా ఉండడం వల్ల సీట్ల కిందికి జారిపోతాయి. స్టీలు డబ్బా మూతలో వేయిస్తే ఆ చప్పుడుకు ముందు సీటులో నిద్రపోతున్న పెద్దాయన లేచారు. మూతలో చేతిరుమాలు పరిచాక చప్పుడు తగ్గింది, గవ్వలు పారిపోవడమూ ఆగింది.

మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం జాగ్రత్త అవసరం. గవ్వా కాయా రెండూ నోట్లో పెట్టుకునేంత చిన్నవి. పాపకు నాలుగేళ్లు నిండేవరకు దాని చేతికి ఇవ్వలేదు. నా ఒళ్లో కూర్చుని గడిగడికీ వేలు పెట్టి లెక్కపెట్టేది, అంకెలు నేర్చుకున్నదీ అలాగే.

ఒకసారి సామర్లకోటలో దిగవలసిన ఒక మామ్మగారు చాలాసేపు చూసి, “గవ్వలు లేకపోతే చింతగింజలు చాలు తల్లీ, ఒకవైపు రాతి మీద తెల్లగా అరగదీస్తే సరి” అన్నారు. “మీరూ వేయండి మామ్మగారూ” అని పాప మూత ఆమె ముందు పెట్టింది. రాజమండ్రి దాటాక మొదలుపెట్టిన ఆమె దిగేలోపు రెండు కాయలు పండించుకున్నారు.

కారు ప్రయాణానికి ఇది పనికిరాదని గట్టిగా చెబుతాను. అరకు ఘాట్ రోడ్డులో తల వంచుకుని ఆడిన బాబు పది నిమిషాల్లో వాంతి చేసుకున్నాడు. కళ్లు కదలని పటాన్ని చూస్తుండగా చెవిలోని సమతౌల్య అవయవం కదలికను చెబుతుంది. ఆ పొత్తు కుదరకే కడుపులో తిప్పుతుంది. కారులో కిటికీలోంచి దూరంగా చూస్తూ పొడుపు కథలు, అంత్యాక్షరి ఆడుకోవడమే మేలు.

ఇప్పుడు పటం మీద పులిహోర పసుపు మరక ఒకటుంది, ఎన్ని ఉతుకులకూ పోలేదు. గళ్ల గీతలు చెదరలేదు. ఎర్ర కాయల అంచుల్లో లక్క కాస్త పెచ్చులూడింది. పసుపు కాయ ఒకటి నిరుడు తుని దగ్గర సీటు సందులో పడి దొరకలేదు. దాని బదులు మామ్మగారు చెప్పినట్టే అరగదీసిన చింతగింజ పెట్టాము, పాప ఎప్పుడూ ఆ రంగే కావాలంటుంది.