గౌన్లు చూడాలంటే ఆక్స్‌ఫర్డ్‌కు ఎప్పుడు వెళ్లాలి?

లండన్ పాడింగ్టన్‌లో రైలెక్కితే ఆక్స్‌ఫర్డ్ గంట ప్రయాణం. చాలామంది భవనాలు చూసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. అక్కడి విశ్వవిద్యాలయంలో డిగ్రీ పట్టాలు ఇచ్చేనాడు విద్యార్థులు వేసుకునే నల్లగౌను సంగతి తెలియాలంటే మాత్రం రోజు చూసుకుని వెళ్లాలి.

చిక్కేమిటంటే, కాలేజీ గదులు పర్యాటకులకు బసకు ఎక్కువగా సెలవుల్లోనే ఇస్తారు. గౌన్లు కనిపించేదేమో విద్యార్థులున్నప్పుడు. రెండూ కలిసొచ్చేది జులై, సెప్టెంబర్ మధ్య పట్టాలిచ్చే రోజుల్లో. తేదీలు విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. హోటల్ కన్నా కాలేజీ గదే నయం, కానీ చాలాచోట్ల లిఫ్టు ఉండదు, బాత్రూం ఉమ్మడిది కావచ్చు. బరువైన సూట్‌కేసులు వద్దు. కీబుల్ కాలేజీ దొరికితే వదలొద్దు. ఆక్స్‌ఫర్డ్‌లోకెల్లా పొడవైన భోజనశాల అక్కడిదే.

పట్టాల రోజున, అవి ఇచ్చే షెల్డోనియన్ థియేటర్‌లోకి మనల్ని రానివ్వరు. 1669లో పూర్తయిన ఆ భవనం లోపల చూడాలంటే ఇంకో రోజు ఉంచుకోవాలి. బయట నిలబడ్డా నష్టం లేదు. విద్యార్థి గౌనుతో లోపలికెళ్లినవాళ్లు మధ్యలో బయటికొచ్చి, పట్టభద్రుల గౌనూ హుడ్డూ వేసుకుని మళ్లీ లోపలికెళ్తారు. మామూలు విద్యార్థి గౌను దగ్గరగా చూడండి: పొట్టిది, చేతులుండవు, భుజాల నుంచి రెండు పట్టీలు వేలాడుతుంటాయి. స్కాలర్‌షిప్ వచ్చినవాళ్లది కాస్త పొడుగు, వెడల్పాటి చేతులు. వీపున వేలాడే హుడ్డు ఒకప్పుడు నిజంగా తలకు కప్పుకున్నదే. మధ్యయుగపు మతాచార్యుల ఉడుపు అది. బి.ఏ. వాళ్ల హుడ్డుకు తెల్ల బొచ్చు అంచుంటుంది.

మే, జూన్‌లో వెళ్తే పరీక్షల సందడి. విద్యార్థి గౌనుకు గుచ్చిన పువ్వు తెల్లదైతే మొదటి పరీక్ష, గులాబీరంగైతే మధ్యలోది, ఎర్రదైతే ఆఖరుది.

కేంబ్రిడ్జ్ కూడా కలుపుకోవచ్చా? 1209లో ఊరివాళ్లతో గొడవై ఆక్స్‌ఫర్డ్ వదిలిపోయినవాళ్లు పెట్టిందే అది. అక్కడ కాలేజీని బట్టి గౌను మారుతుంది, ట్రినిటీది ముదురు నీలం. కానీ నేరుగా రైలు లేదు, లండన్ మీదుగా తిరగాలి. ఒకే రోజులో రెండూ పెట్టుకుంటే ప్రయాణమే మిగులుతుంది.

మనకు దగ్గరి ముడి ఒకటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డ్‌కు ఆచార్యుడిగా వెళ్లారు. ఆయన ఫెలోగా ఉన్న ఆల్ సోల్స్ కాలేజీ హై స్ట్రీట్‌లోనే ఉంది.