పూలు రాలిన ఆర్కిడ్: కాడ మొదలంటా కోయాలా, కణుపు మీద కోయాలా?

ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ చివరి పువ్వు రాలగానే "ఇక దీంతో పనేముంది" అని కుండీని బాల్కనీ మూలకు నెట్టేస్తారు చాలామంది. అక్కడ నీళ్లు లేక, పడమటి ఎండకు మాడి, నెలలోపే మొక్క పోతుంది. చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఇది ఒక్క కాపుతో ముగిసే బంతి మొక్క కాదు, కాస్త చూసుకుంటే ఏళ్ల తరబడి పూసే మొక్క. పూలు రాలాకే దానికి అసలు సంరక్షణ మొదలవుతుంది. అందులో మొదట తేల్చుకోవాల్సింది ఆ ఖాళీ కాడ సంగతి.

కాడను మొదలు దగ్గరే కోసేయడం ఒక పద్ధతి. కింది నుంచి రెండో, మూడో కణుపుకు ఒక సెంటీమీటరు పైన కోయడం రెండోది. అసలేమీ కోయకుండా వదిలేయడం మూడోది.

కణుపు మీద కోయమనే సలహా ఎక్కువగా వినిపిస్తుంది. కణుపు మీది పలచని పొర కింద నిద్రపోతున్న మొగ్గ ఉంటుంది. పై భాగం తీసేస్తే అది లేచి పక్క కొమ్మ వేస్తుంది, రెండు మూడు నెలల్లో మళ్లీ పూలు చూడొచ్చు. అయితే ఆ పూలు చిన్నవి, సంఖ్యలోనూ తక్కువ. పైగా మొక్క దాచుకున్న బలమంతా ఆ కొమ్మకే పోతుంది. చల్లని ప్రదేశాల్లో అది పెద్ద నష్టం కాకపోవచ్చు. మన దగ్గర ఇంట్లో పెంచే ఫెలనాప్సిస్ సాధారణంగా చలికాలంలో కాడ వేసి, ఫిబ్రవరి ప్రాంతంలో విచ్చుకుంటుంది. పూలు రాలేసరికి ఎదురుగా ఏప్రిల్, మే నెలలు. నలభై డిగ్రీల ఎండ, పొడి గాలి. 35 దాటితేనే ఈ మొక్క డీలా పడుతుంది. ఆ సమయంలో దానికి కావాల్సింది కొత్త ఆకు, కొత్త వేరు. పూలు కాదు.

అందుకే వేసవి ముందు పూలు రాలితే మొదలంటా కోయడమే మేలని నా గట్టి నమ్మకం. వానాకాలంలోనో, చలికాలం మొదట్లోనో రాలి, మొక్కకు ఐదారు దళసరి ఆకులు, గట్టి వేళ్లు ఉంటే మాత్రం కణుపు మీద కోసి రెండో విడత పూలు చూసుకోవచ్చు. రెండే ఆకులున్న మొక్కతో ఆ పని వద్దు. వదిలేయడం గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. కాడ పచ్చగా ఉంటే కొసన ఒకటీ అరా మొగ్గ రావచ్చు, గోధుమ రంగుకు తిరిగి ఎండితే ఎలాగూ తీసేయాలి.

కోసేటప్పుడు కత్తెర అంచును స్టవ్ మంట మీద కాల్చి, చల్లారనివ్వండి. ఒక మొక్క తెగులు ఇంకో మొక్కకు కత్తెరతో అంటుకోవచ్చు. ఆకుల మధ్య నుంచి అంగుళం వదిలి కోస్తే చాలు, ఆ మోడు దానంతటదే ఎండిపోతుంది. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దొచ్చు. మొక్క వేళ్ల మీద మాత్రం పడనీయకండి, వాటిని ఎండగొడుతుంది.

ఇక డెండ్రోబియం అనే మరో ఆర్కిడ్ లెక్క పూర్తిగా వేరు. చెరకు గడల్లా కణుపులతో నిలబడేవి దాని పూల కాడలు కావు, మొక్క నీరూ ఆహారమూ దాచుకునే కాండాలు. ఆకులు రాలి బోసిగా ఉన్నాయని వాటిని కోసేస్తే మొక్క నోటి దగ్గరి కూడు లాగేసినట్టే. పాత గడ నుంచి కూడా మళ్లీ పూలు రావచ్చు. ఎండిన పూల కాడ ఒక్కటే తీసి, పూర్తిగా ముడుచుకుపోయి ఎండిన గడలనే తొలగించాలి. ఒక్కోసారి పాత గడ కణుపు దగ్గర పిల్ల మొక్క మొలుస్తుంది. దాని వేళ్లు రెండంగుళాలు వచ్చాక విడదీసి వేరే కుండీలో పెట్టుకోవచ్చు. ఈ రెంటిలో మన ఎండలకు తట్టుకునేది డెండ్రోబియమే. మొదటిసారి పెంచేవాళ్లు హైదరాబాద్ పీపుల్స్ ప్లాజా నర్సరీ మేళాలో దేన్ని తీసుకోవాలా అని తటపటాయిస్తుంటే నేను దాన్నే తీసుకోమంటాను.

కుండీ మార్చడం మరో ప్రశ్న. కొన్న మొక్కను ప్లాస్టిక్ కుండీ నుంచి తీసి చూడండి. చాలాసార్లు వేళ్ల నడుమ గట్టిగా కుక్కిన నాచు ముద్ద ఉంటుంది. పైన పొడిగా కనిపించినా లోపల తడి ఆరదు, వేలితో నొక్కితే వేరు పై పొర ఊడి లోపలి నార మిగులుతుంది. వానాకాలంలో ఇది ఇంకా ప్రమాదం. అలాగని ఒట్టి బెరడు ముక్కల్లో పెడితే మే నెలలో సాయంత్రానికే ఎండిపోతాయి. ఫెలనాప్సిస్‌కు బెరడు, బొగ్గు కలిపి వేసి, ఎండాకాలంలో పైన పలచగా నాచు పరచడం నాకు నచ్చిన మధ్యేమార్గం. డెండ్రోబియంకు బొగ్గు, ఇటుక ముక్కలు, కొంచెం కొబ్బరి డొక్క చాలు. వేళ్లు బాగుంటే తొలకరి దాకా ఆగి జూన్‌లో మార్చండి. కుళ్లు కనిపిస్తే మాత్రం ఏ నెలైనా ఆగొద్దు.

నీళ్లు రోజూ పోయాలా, వారానికోసారా అంటే క్యాలెండర్ కంటే వేళ్లను నమ్మండి. వెండి రంగులో ఉంటే నీళ్లు కావాలి, పచ్చగా ఉంటే ఆగాలి. బోరు నీళ్ల ఉప్పు కుండీ అంచున తెల్లటి పెచ్చులా కడుతుంది, వేళ్లకూ అదే గతి. నల్లా నీళ్లు దానికంటే నయం, వాన నీళ్లు అన్నిటికంటే మేలు. వాటర్ ప్యూరిఫయర్ బయటికి వదిలే నీళ్లు మాత్రం అస్సలు వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. కొత్త ఆకు వస్తున్నప్పుడు 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) లీటరు నీటికి అర గ్రాము చొప్పున, పదిహేను రోజులకోసారి.

ఏసీ గదా, కూలర్ గదా? కూలర్ గదే మేలు, గాలిలో తేమ ఉంటుంది కాబట్టి. గాలి మొక్కకు నేరుగా కొట్టకుండా ఓ వారగా పెట్టండి. బాల్కనీ అయితే తూర్పుది. పావురాల వల ఎండను ఆపదు, ఆకుపచ్చ షేడ్ నెట్ వేరుగా కట్టాల్సిందే.

నవంబర్ చివర్లో ఫెలనాప్సిస్‌ను రాత్రి చల్లగాలి తగిలే కిటికీ దగ్గరికి మార్చండి. రాత్రులు 16–18 డిగ్రీల మధ్య కొన్ని వారాలు గడిస్తే ఆకు మొదలు దగ్గర కొత్త మొలక తొంగిచూస్తుంది. కొస గుండ్రంగా, మెరుస్తూ ఉంటే అది వేరు. కాస్త చదునుగా, కోసుగా ఉండి పైకి లేస్తుంటే పూల కాడ. కాడే అని తేలాక కుండీని అటూ ఇటూ తిప్పకండి, వెలుగు మారితే కాడ వంకర తిరుగుతుంది. జానెడు పెరిగాక పక్కన సన్నని పుల్ల గుచ్చి, వదులుగా కట్టేయండి.