పల్లె ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం, సేవ: శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ల కోసం ఒక సమీక్ష

ఉద్యోగంగా చూస్తే మన జిల్లాల అగ్నిమాపక కేంద్రాలకు మంచి మార్కులే వెయ్యాలి. స్వచ్ఛంద సేవకు మాత్రం సగమే. లోపం సిబ్బందిది కాదు. ఊరి కుర్రాడు నేరుగా స్టేషన్‌కి వెళ్లి వాలంటీరుగా పేరు రాయించుకునే పద్ధతే లేదు.

ముందు ఉద్యోగం సంగతి. ఫైర్‌మన్ పోస్టులను పోలీసు నియామక మండలే భర్తీ చేస్తుంది. 2018 చివర్లో కానిస్టేబుల్, జైలు వార్డర్ పోస్టులతో కలిపి ఫైర్‌మన్ ప్రకటన వచ్చింది. 2022 నాటి కానిస్టేబుల్ ప్రకటనలో ఫైర్‌మన్ ఊసే లేదు. కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకుని ఏళ్లు గడపకండి, కానిస్టేబుల్‌కీ దీనికీ కలిపి సిద్ధమవండి. సాధారణంగా ఇంటర్ పాసై ఉండాలి, 1600 మీటర్ల పరుగు తప్పదు. ఏజెన్సీ గిరిజన యువకులకు ఎత్తు, ఛాతీ కొలతల్లో సడలింపు ఉంటుంది. సీతంపేట, కురుపాం వైపు పిల్లలు అది చూసుకోకుండానే వెనక్కి తగ్గుతున్నారు.

పరుగు ఒక్కటే సాధన చేస్తే చాలదు. 63 మిల్లీమీటర్ల హోస్ పైపు 15 మీటర్ల ముక్కలో నీళ్లు నిండితే ఆ నీళ్ల బరువే దాదాపు 47 కిలోలు. దాన్ని గట్ల మీదుగా ఈడ్చుకెళ్లాలి. నడుం, భుజం గట్టిగా లేనివాళ్లు మొదటి నెలల్లోనే అవస్థ పడతారు.

పల్లె స్టేషన్‌లో అసలు పరీక్ష నీళ్లతోనే. మామూలు ఫైరింజన్‌లో 4,500 లీటర్లు పడతాయి. ఒక నాజిల్ నిమిషానికి 450 లీటర్లు పోస్తుందనుకుంటే పది నిమిషాలు, రెండు పెడితే అయిదే. పూరిళ్ల వరస అంటుకుంటే ఆ నీళ్లు ఏ మూలకీ రావు. అప్పుడు చెరువే దిక్కు. సక్షన్ పైపు చెరువులోకి దింపి పంపుతో లాగాలి. చూడ్డానికి తేలికే, కానీ ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. జాయింటులో రబ్బరు వాషరు ఎండిపోయి చీలిందంటే గాలి లాక్కుంటుంది, ఎంతసేపు తిప్పినా పంపు నీళ్లెత్తదు. నీటిమట్టం పంపుకి ఏడు మీటర్లకు మించి కింద ఉంటే మంచి పంపైనా చేతులెత్తేస్తుంది. పైపు మూతి జల్లెడ నీళ్లలో కనీసం అడుగున్నర లోతున ఉండాలి, లేకపోతే సుడి తిరిగి పైపులోకి గాలి పోతుంది. మరీ అడుక్కి వదిలితే బురద పట్టేస్తుంది. ఆ జల్లెడని వెదురు తట్టలో పెట్టి తాడుతో వేలాడదీస్తే బురద, గుర్రపుడెక్క రెండూ లోపలికి రావు. ఏ ఇంటినడిగినా తట్ట దొరుకుతుంది, ముందే తెచ్చి గట్టున పెట్టేవాడు కావాలి.

ఊరివాళ్ల సేవ విలువ తెలిసేది ఇలాంటిచోటే. ఏ గట్టు మీదకి బండి వెళ్తుందో, వేసవిలో ఏ చెరువులో నీళ్లుంటాయో, ఏ బోరుకి కరెంటుందో స్టేషన్ వాళ్లకన్నా మీకే బాగా తెలుసు. నిమిషానికి 300 లీటర్లు పోసే బోరైతే ట్యాంకు నిండడానికి పావుగంట. 101కి ఫోన్ చేసినప్పుడు ఊరు, పంచాయతీ, మండలం మూడూ చెప్పాలి. మన దగ్గర ఒకే పేరుతో వలసలు, పేటలు బోలెడు. ఒకరు మెయిన్ రోడ్డు మలుపులో నిలబడాలి, ఒకరు లైన్‌మన్‌తో కరెంటు తీయించాలి, ఇంకొకరు పశువుల పలుపులు కోసి తోలెయ్యాలి. గడ్డి కుప్ప కాలితే పైన నీళ్లు కొట్టి ఊరుకోవద్దు. లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. పంగల కర్రలతో విడదీసి తడపాలి, దానికి నలుగురైదుగురు కావాలి. నెల్లిమర్ల, బొబ్బిలి వైపు జనపనార బేళ్లదీ ఇదే గుణం. పలాస జీడి పిక్కల పెంకు నూనె వేరు. మండే నూనె మీద నీళ్లు కొడితే మంట పాకుతుంది, నురుగు కావాలి. అక్కడ వాలంటీర్లు దూరంగా ఉండటమే సాయం.

శిక్షణతో సేవ చెయ్యాలంటే ఇప్పుడున్నవాటిలో మెరుగైన దారి జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ పెట్టిన ఆపద మిత్ర పథకం. ఇంతకుముందు బ్యాచ్‌లకు 12 రోజుల శిక్షణ, కిట్టు ఇచ్చారు, ఆడపిల్లలూ చేరొచ్చు. కొత్త బ్యాచ్ ఎప్పుడో కలెక్టరేట్‌లో విపత్తుల విభాగాన్ని అడగాలి. 2018 అక్టోబరు తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరి చెట్లు రోడ్ల మీద పడ్డప్పుడు ఎంతమంది ఉన్నా సరిపోని పరిస్థితి. అలాంటి రోజులకి రంపం, తాడు పట్టడం తెలిసినవాళ్లు ఊరికి పదిమంది ఉండాలి. హోంగార్డుగా చేరి ఫైర్ డ్యూటీ వేయించుకోవడం ఇంకో దారి, కానీ అది పర్మనెంటు ఉద్యోగం కాదని తెలిసే చేరండి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో అదే 14న బొంబాయి రేవు పేలుళ్లలో చనిపోయిన ఫైర్ సిబ్బంది స్మృతిగా జరుపుతారు. ఆ వారంలో దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్లండి. నాజిల్ పట్టుకుని ఫొటో దిగి వచ్చెయ్యకుండా, సక్షన్ పైపు జాయింటు ఎలా బిగిస్తారో చూపించమని అడగండి. మీ ఊరి చెరువు దగ్గరికి బండి వెళ్లే దారి కాగితం మీద గీసి ఇచ్చి రండి.